పోటీకి రివాల్వర్ ఎంచుకోవడం, సరిచేసుకోవడం ఎలా?

పదిహేను, ఇరవై తూటాలు పట్టే పిస్టళ్ల మధ్యకు ఆరు తూటాల రివాల్వర్‌తో వెళ్లడమంటే కష్టాన్ని కోరి తెచ్చుకోవడమే. ఆ కష్టమే కొందరికి ఇష్టం. అమెరికాలో అలాంటివాళ్ల కోసం పెద్ద షూటింగ్ క్రీడలన్నీ దాదాపుగా ఒక రివాల్వర్ విభాగాన్ని ఉంచాయి. రివాల్వర్లకు మాత్రమే పరిమితమైన ఐకోర్ అనే సంఘం కూడా ఉంది. మీరు అక్కడ స్థిరపడి, వారాంతాల్లో రేంజికి వెళ్తూ, ఇక పోటీకి దిగుదామనుకుంటుంటే ఈ వ్యాసం మీకోసమే.

చాలామంది తుపాకి కొన్న వారానికే ట్రిగ్గర్‌ను తేలిక చేయించుకోవడానికి పరుగెత్తుతారు. నా లెక్కలో అది చివరి పని. ముందు పోటీ, తర్వాత దానికి తగ్గ తుపాకి, ఆ తుపాకికి తగ్గ తూటా, ఆ తూటాను తప్పకుండా పేల్చే స్ప్రింగు. ఈ వరస తిరగబడితే చేతిలో తేలికైన ట్రిగ్గర్ ఉంటుంది, నేల మీద పేలని తూటాలు ఉంటాయి.

ముందుగా చట్టం

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ కలిగి ఉండటం సాధారణంగా నిషేధం. కొనడం ఒక్కటే కాదు, రేంజిలో అద్దెకు తీసుకోవడం, స్నేహితుడి తుపాకిని కాసేపు కాల్చి చూడటం కూడా దీని కిందికి రావచ్చు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అయితే వాటిని స్నేహితుల మాట మీద నమ్మకండి. ఇమిగ్రేషన్ వ్యవహారాలూ తుపాకుల చట్టమూ తెలిసిన న్యాయవాదిని ఒక్కసారి కలవండి. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది పోటీ ఫీజు కాదు, వీసా. గ్రీన్ కార్డు ఉన్నవారు, పౌరులు డీలరు దగ్గర 4473 ఫారం నింపి, నేపథ్య తనిఖీ పూర్తయ్యాక కొనుక్కోవచ్చు. డీలరు నుంచి చేతి తుపాకి కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. ఆపైన రాష్ట్రాల నిబంధనలు వేరు. న్యూజెర్సీలో ముందే పర్మిట్ కావాలి, ఇల్లినాయ్‌లో ఫోయిడ్ కార్డు అనే తుపాకి యజమాని గుర్తింపు కార్డు ఉండాలి, కాలిఫోర్నియాలో డీలర్లు కొత్త చేతి తుపాకులను ఆమోదిత జాబితాలో ఉంటేనే అమ్మగలరు.

భారతదేశంలో ఉన్నవారికి దారి వేరు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. లోపలి భాగాల పని లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారే చేయాలి. రివాల్వర్‌ను అనుమతించే అంతర్జాతీయ పోటీ 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్. దాని ట్రిగ్గర్ బరువు కనీసం 1000 గ్రాములు ఉండాలి. అది నిలకడగా గురిపెట్టే ఆట. కింద చెప్పేదంతా పరుగులు, రీలోడ్లు, గడియారంతో పందెం ఉండే ఆట గురించి.

ఏ పోటీ?

కొత్తవారికి నేను చెప్పేది స్టీల్ ఛాలెంజ్. ఒక్కో స్టేజీలో ఐదు ఇనుప పలకలు ఉంటాయి. ఐదింటినీ కొట్టడానికి ఎంతసేపు పట్టిందన్నదే లెక్క. ఆరు తూటాల రివాల్వర్‌కు ఒక తూటా మిగులు ఉంటుంది. ఒక వరస కాల్చాక తీరిగ్గా మళ్లీ నింపుకోవచ్చు కాబట్టి రీలోడ్ భయం ఉండదు. తూటా కనీసం ఎంత బలంగా ఉండాలో చెప్పే పవర్ ఫ్యాక్టర్ అనే అంకె (లెక్క కింద చెబుతాను) నిబంధన ఇక్కడ లేదు. ట్రిగ్గర్ లాగడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

ఐడీపీఏ అనే షూటింగ్ సంఘం పోటీల్లో రివాల్వర్ బ్యారెల్ నాలుగుంపావు అంగుళాలు దాటకూడదు, నింపేది ఆరు తూటాలే. తిరిగే సిలిండర్‌లోకి తూటాలన్నీ ఒకేసారి వదిలే స్పీడ్‌లోడర్లతో .38 స్పెషల్ కాల్చేవారికి 105 పవర్ ఫ్యాక్టర్ చాలు. తూటాలన్నింటినీ కలిపి పట్టుకుని వాటితోపాటే సిలిండర్‌లో కూర్చునే పలుచని లోహపు బిళ్లలు, అంటే మూన్ క్లిప్పులు వాడేవారికి 155 కావాలి.

యూఎస్‌పీఎస్‌ఏ అనే సంఘం పోటీలు అసలైన పరీక్ష. తక్కువ బలం తూటాల వర్గమైన మైనర్‌కు 125, ఎక్కువ బలం తూటాల వర్గమైన మేజర్‌కు 165 పవర్ ఫ్యాక్టర్. మైనర్‌లో ఎనిమిది తూటాలు కాల్చాక, మేజర్‌లో ఆరు కాల్చాక రీలోడ్ చేయాలి. ఒకే చోట నిలబడి కాల్చాల్సిన తూటాలు ఎనిమిదికి మించకుండా స్టేజీలు అమరుస్తారు కాబట్టి ఎనిమిది తూటాల తుపాకి ఈ ఆటకు సరిగ్గా అతుకుతుంది. ఆరు తూటాలతో వెళ్తే చాలా చోట్ల నిలబడి నింపుకోవాలి. ఆ నిలబడిన సెకన్లు మేజర్ ఇచ్చే అదనపు పాయింట్లను మింగేస్తాయి.

ఐకోర్‌లో కనీస పవర్ ఫ్యాక్టర్ 120. ఓపెన్, లిమిటెడ్, లిమిటెడ్-6, క్లాసిక్ విభాగాలు ఉన్నాయి. మూన్ క్లిప్పులు లేకుండా ఆరు తూటాలతో ఆడే క్లాసిక్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. పాత తుపాకి ఏదైనా అందులో గౌరవంగా తలెత్తుకుని నిలబడుతుంది. అన్ని సంఘాలూ నిబంధనలను తరచూ మారుస్తుంటాయి కాబట్టి డబ్బు పెట్టే ముందు ఆ ఏడాది నియమావళి చదవండి.

ఏ తుపాకి?

మొదటి రివాల్వర్‌గా నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న, .357 మాగ్నమ్ ఛాంబర్ (సిలిండర్‌లో ఒక్కో తూటా కూర్చునే గది) ఉన్న ఆరు తూటాల తుపాకి కొనండి. స్మిత్ అండ్ వెసన్ 686, రుగర్ జీపీ100 రెండూ గట్టివే. .357 తుపాకిలో .38 స్పెషల్ తూటాలు కూడా కాల్చవచ్చు. ఐడీపీఏ, ఐకోర్, స్టీల్ ఛాలెంజ్ మూడింటికీ ఒకే తుపాకి సరిపోతుంది. పొట్టి .38 తూటాలు ఎక్కువగా కాల్చితే ఛాంబర్ లోపల మసి ఉంగరంలా పేరుకుంటుంది. బ్రష్‌తో దాన్ని ఎప్పటికప్పుడు తీయకపోతే పొడవాటి తూటాలు తర్వాత లోపలికి దిగవు.

686కీ జీపీ100కీ మధ్య తేడా ఎక్కువగా లోపలే ఉంది. స్మిత్‌లో ప్రధాన స్ప్రింగు పిడిలో నిలువుగా ఉండే పలక స్ప్రింగు. పక్క పలక విప్పితే యంత్రాంగమంతా కనిపిస్తుంది. రుగర్‌లో చుట్ట స్ప్రింగు ఉంటుంది, పక్క పలక ఉండదు, ట్రిగ్గర్ భాగం మొత్తం ఒకే ముక్కగా కిందికి ఊడి వస్తుంది. రుగర్ మొరటుగా వాడినా తట్టుకుంటుంది. పోటీ విడిభాగాలూ, వాటి గురించి తెలిసిన గన్‌స్మిత్‌లూ మాత్రం స్మిత్‌కే ఎక్కువ. అందుకే పోటీల్లో స్మిత్‌లే ఎక్కువగా కనిపిస్తాయి. 2020లో మళ్లీ వచ్చిన కోల్ట్ పైథాన్ చూడముచ్చటైన తుపాకి. పోటీ విడిభాగాల కోసం తిరగాల్సి వస్తే ఆ ముచ్చట తీరిపోతుంది.

యూఎస్‌పీఎస్‌ఏలో గెలవాలనే పట్టుదల ఉంటే పెద్ద చట్రం ఉన్న ఎన్-ఫ్రేమ్ స్మిత్‌లు చూడండి. 627 ఎనిమిది తూటాల .357. దీంతో అనుభవజ్ఞులు చాలామంది .38 షార్ట్ కోల్ట్ షెల్‌లో (మందు, బుల్లెట్ కూర్చునే లోహపు గొట్టంలో) తూటాలు తయారుచేసుకుంటారు. .38 స్పెషల్ షెల్ పొడవు 1.155 అంగుళాలు, షార్ట్ కోల్ట్‌ది సుమారు 0.765 మాత్రమే. కాల్చిన పొట్టి షెల్, దాన్ని బయటికి తోసే ఎజెక్టర్ రాడ్ ఒక్క తోపుతో పూర్తిగా బయటపడుతుంది, కొత్తది లోపలికి సులువుగా దిగుతుంది. 929 ఎనిమిది తూటాల 9 ఎంఎం. తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి. దాని టైటానియం సిలిండర్ తేలిక కాబట్టి వేగంగా తిరిగి ఆగినప్పుడు లోపలి భాగాలకు తగిలే దెబ్బ తక్కువ. ఆ సిలిండర్‌ను గరుకు పదార్థాలతో మాత్రం తోమకూడదు. 625 ఆరు తూటాల .45 ఏసీపీ. లావుగా, పొట్టిగా, గుండ్రని ముక్కుతో ఉండే ఆ తూటాలు సిలిండర్‌లోకి వాటంతట అవే జారిపోతాయి. రీలోడ్ ఆనందం ఏమిటో తెలియాలంటే ఎవరిదైనా 625 అడిగి ఒకసారి చూడండి.

చేయి చిన్నదైతే ఎన్-ఫ్రేమ్ కొనే ముందు పట్టుకుని చూడండి. తుపాకి వెనుక భాగం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సరిగ్గా కూర్చున్నప్పుడు, చూపుడువేలి మొదటి కీలు ట్రిగ్గర్‌ను తాకాలి. వేలి కొన మాత్రమే అందితే దానికంటే చిన్నవైన ఎల్-ఫ్రేమ్ గానీ కె-ఫ్రేమ్ గానీ తీసుకోండి. డబుల్ యాక్షన్ బరువును, అంటే ట్రిగ్గర్ ఒక్క లాగుతోనే తూటాను కొట్టే హ్యామర్‌ను ఎత్తి వదలడానికి కావాల్సిన బలాన్ని, వేలి కొనతో రోజంతా లాగలేరు.

వాడిన తుపాకి కొంటుంటే

పాత స్మిత్‌లు చాలా బాగుంటాయి, కానీ చూసి కొనాలి. సిలిండర్ తెరిచి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, తూటాలు గదిలోనే లేకుండా పెట్టి మొదలుపెట్టండి.

తెరిచిన సిలిండర్‌ను మెల్లగా తిప్పి ఎజెక్టర్ రాడ్ కొనను చూడండి. కొన ఊగుతుంటే రాడ్ వంగినట్టు.

సిలిండర్ మూసి, దాని మీద వేలితో తేలికగా ఆపుతూ హ్యామర్‌ను బొటనవేలితో నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్లి నిలిచేలోపే సిలిండర్ గాడిలో పడి ‘టిక్’మనాలి. ప్రతి ఛాంబర్‌కూ ఇలాగే చూడండి. ఒక్కటి వెనకబడినా సిలిండర్ తిరిగి ఆగే సమయం తప్పుతోందని అర్థం. నెమ్మదిగా లాగినప్పుడు మాత్రమే వెనకబడితే బేరం ఆడండి. వేగంగా లాగినా వెనకబడితే వదిలేయండి.

సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ కదపండి. సన్నటి ఖాళీలు కొలిచే ఫీలర్ గేజ్‌తో సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఖాళీ కొలవండి. 0.004 నుంచి 0.008 అంగుళాల మధ్య ఉంటే హాయి. ముందుకు నొక్కినప్పటి కొలతకూ, వెనక్కి నొక్కినప్పటి కొలతకూ తేడా అంగుళంలో రెండు మూడు వెయ్యో వంతులు దాటితే గన్‌స్మిత్ ఖర్చు ధరలో కలుపుకోండి.

హ్యామర్ ఎక్కుపెట్టి, ట్రిగ్గర్ తాకకుండా, బొటనవేలితో హ్యామర్‌ను వెనక నుంచి గట్టిగా తొయ్యండి. అది జారి పడిందంటే ఎవరో లోపల అనవసరంగా అరగదీశారు. ఆ తుపాకి ఎంత చౌకగా వచ్చినా తీసుకోవద్దు.

చివరగా బ్యారెల్ వెనుక కొన చూడండి. పాత కె-ఫ్రేమ్ .357లు, అంటే మోడల్ 19, 66 లాంటివి, తేలికైన బుల్లెట్లున్న మాగ్నమ్ తూటాలు ఎక్కువగా కాల్చితే అక్కడ అడుగున, లోహం పలచగా ఉన్న చోట పగులుతాయి. చిన్న టార్చ్ చాలు.

పట్టు, ట్రిగ్గర్ ముఖం, సైటు

ఈ మూడింటికీ పెట్టిన డబ్బు వెంటనే ఫలితమిస్తుంది. రబ్బరు పిడి చేతికి అంటుకుంటుంది. హోల్‌స్టర్ నుంచి తీసేటప్పుడు పట్టు కాస్త తప్పితే సర్దుకోనివ్వదు. నునుపైన చెక్క పిడి అయితే చేయి తన చోటికి జారి కూర్చుంటుంది. స్పీడ్‌లోడర్ వాడేవారు ఎడమ పలక పైభాగం లోతుగా చెక్కి ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే లోడర్ పిడికి తగిలి ఆగిపోతుంది.

ట్రిగ్గర్ ముఖం నున్నగా, అంచులు గుండ్రంగా ఉండాలి. గీతలున్న వెడల్పాటి ట్రిగ్గర్ నిలకడ గురికి బాగుంటుంది గానీ డబుల్ యాక్షన్‌లో వేలు దాని మీద జారాలి. లేకపోతే వంద తూటాలకే చర్మం లేస్తుంది. గురి చూసే ముందు సైటుకు, వెలుతురు పట్టి మెరిసే ఫైబర్ ఆప్టిక్ పెట్టించండి. అంతే.

తూటా ముందు, స్ప్రింగు తర్వాత

డబుల్ యాక్షన్ ఎంత తేలికవ్వగలదో తేల్చేది తుపాకి కాదు, తూటా అడుగున హ్యామర్ దెబ్బకు అంటుకునే ప్రైమర్. ప్రైమర్ పైపొర ఎంత మెత్తగా ఉంటే హ్యామర్ అంత తక్కువ దెబ్బతో దాన్ని పేల్చగలదు. ఫెడరల్ ప్రైమర్లు అన్నింటికంటే మెత్తనివని రివాల్వర్ షూటర్లందరూ ఒప్పుకుంటారు. సీసీఐ గట్టివి. కాబట్టి ముందు ఒక నిర్ణయం తీసుకోండి. తూటాలు మీరే తయారుచేసుకుంటారా, అందులో ఫెడరల్ ప్రైమర్లే వాడతారా? అలాగైతే ట్రిగ్గర్ బరువులో 7 పౌండ్ల దాకా దిగవచ్చు. దుకాణంలో ఏది దొరికితే అది కొని కాల్చేవారైతే 9 పౌండ్ల దగ్గర ఆగండి. కొత్త స్మిత్ సుమారు 12 పౌండ్లుంటుంది కాబట్టి 9 కూడా వెన్నలాగే అనిపిస్తుంది.

తయారుచేసుకునేవారు గుర్తుపెట్టుకోవాల్సిన మొదటి విషయం ప్రైమర్ కూర్చోబెట్టడం. ప్రైమర్ షెల్ అడుగు మట్టం కంటే కొద్దిగా లోపలికి దిగాలి. పైకి తేలిన ప్రైమర్ మీద హ్యామర్ మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే ఖర్చయిపోతుంది. తుపాకి చెడిందని అనుకునే సమస్యల్లో చాలా భాగం ఈ ప్రైమర్ దగ్గరే ఉంటుంది. తయారైన ప్రతి తూటా అడుగును వేలితో తడిమి చూడండి.

పవర్ ఫ్యాక్టర్ లెక్క సులభం. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో తీసుకుని, సెకనుకు అడుగుల వేగంతో గుణించి, వెయ్యితో భాగించండి. 160 గ్రెయిన్ల బుల్లెట్ 800 అడుగుల వేగంతో వెళ్తే 128. పోటీలో నిర్వాహకులు వేగం కొలుస్తారు, చలిరోజున వేగం తగ్గవచ్చు, అందుకే 125 చాలని ఆగకుండా 130కి పైగా ఉంచుకోండి. మందు మోతాదులకు ప్రచురితమైన లోడింగ్ మాన్యువల్ తప్ప మరే మాటా నమ్మకండి. బుల్లెట్ ముక్కు గుండ్రంగా ఉండాలి. చదును ముక్కు బుల్లెట్ కాగితం మీద చక్కటి రంధ్రం చేస్తుంది, రీలోడ్‌లో మాత్రం ఛాంబర్ అంచుకు తగిలి నిలిచిపోతుంది.

స్ప్రింగుల పని

ఇది స్మిత్ కె, ఎల్, ఎన్ ఫ్రేములకు వర్తిస్తుంది. యంత్రాలు విప్పే అలవాటు లేనివారు ఈ పనిని రివాల్వర్లు తెలిసిన గన్‌స్మిత్‌కు ఇవ్వండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కళ్లద్దాలు పెట్టుకోండి. సరిగ్గా పట్టే గన్‌స్మిత్ స్క్రూడ్రైవర్ వాడండి, మామూలుది స్క్రూ తలలను చీల్చేస్తుంది. పిడి తీసి, పిడి ముందు వైపు ఉన్న స్ట్రెయిన్ స్క్రూ వదులు చేసి, ప్రధాన స్ప్రింగు తీయండి. పక్క పలక స్క్రూలు ఏది ఎక్కడిదో కాగితం మీద రాసి పెట్టుకోండి. ముందు స్క్రూ సిలిండర్ను మోసే యోక్‌ను పట్టి ఉంచుతుంది, దాన్ని వేరే చోట పెట్టకూడదు. స్క్రూలు తీశాక పలకను ఎత్తడానికి ఏదీ దూర్చకండి. పిడి చట్రం మీద చెక్క సుత్తితో తేలికగా తడుతూ ఉంటే పలక దానంతట అదే పైకి లేస్తుంది. దాంతోపాటు హ్యామర్ బ్లాక్ అనే సన్నటి కడ్డీ ఊడి వస్తుంది. తుపాకి కిందపడినప్పుడు పేలకుండా కాపాడేది అదే. బిగించేటప్పుడు దాన్ని తప్పకుండా తిరిగి పెట్టాలి. ట్రిగ్గర్ తేలికవుతుందని దాన్ని పక్కన పడేయమనే సలహాదారులు కనిపిస్తారు. వారి మాట వినకండి.

ట్రిగ్గర్ వెనుక ఉండే రీబౌండ్ స్లైడ్ లోపల గట్టి చుట్ట స్ప్రింగు ఉంటుంది. తీసేటప్పుడు చేయి అడ్డు పెట్టకపోతే గది అవతలికి ఎగిరిపోతుంది. దీని స్థానంలో పెట్టడానికి వోల్ఫ్ లాంటి కంపెనీలు రకరకాల బరువుల్లో స్ప్రింగులు అమ్ముతాయి. 14 పౌండ్లతో మొదలుపెట్టండి.

ట్రిగ్గర్‌ను ముందుకు తోసేది ఈ స్ప్రింగే. దీన్ని మరీ బలహీనం చేస్తే లాగడం తేలికవుతుంది గానీ ట్రిగ్గర్ మీ వేలి కంటే నెమ్మదిగా తిరిగి వస్తుంది. వేగంగా కాల్చేటప్పుడు అది పూర్తిగా ముందుకు రాకముందే మళ్లీ లాగేస్తారు. అప్పుడు ట్రిగ్గర్ మధ్యలో ఇరుక్కుంటుంది, లేదా సిలిండర్ ఒక ఛాంబర్‌ను దాటేస్తుంది. పోటీలో లాగడం తేలికగా ఉండటం కంటే తిరిగి రావడం చురుగ్గా ఉండటం ముఖ్యం. 11, 12 పౌండ్ల స్ప్రింగులు పెట్టి మురిసిపోయేవారు పోటీలో తడబడటం తరచూ చూసేదే. స్లైడ్ అడుగును, ఫ్రేములో అది జారే చోటును సన్నటి రాయితో నున్నగా చేసి, ఒక చుక్క నూనె వేస్తే 14 పౌండ్ల స్ప్రింగే ఎంతో తేలికగా అనిపిస్తుంది. గీతలు పోవడమే లక్ష్యం, లోహం పోవడం కాదు.

ప్రధాన స్ప్రింగును తర్వాత మార్చండి. తక్కువ బలం ఉన్న పలక స్ప్రింగు పెట్టి, స్ట్రెయిన్ స్క్రూను పూర్తిగా బిగించండి. ట్రిగ్గర్ తేలిక చేయడానికి ఆ స్క్రూను ఒకటి రెండు చుట్లు వదులు చేయడం పాత చిట్కా, చెడ్డ చిట్కా కూడా. కాల్చే ప్రతిసారీ అదురుకు అది మరికొంత వదులవుతుంది. మధ్యాహ్నానికి తూటాలు పేలడం మానేస్తాయి. బలం తగ్గించాలంటే మరో స్ప్రింగు పెట్టండి. స్క్రూ మాత్రం నిండా బిగిసే ఉండాలి, దానికి మర వదులవకుండా పట్టే నీలం రంగు లాక్‌టైట్ జిగురు చుక్క ఉండాలి.

కొత్త స్మిత్‌లలో ప్రైమర్‌ను తాకే ఫైరింగ్ పిన్ హ్యామర్‌కు కాక ఫ్రేముకు ఉంటుంది. వాటికి కొంచెం పొడవైన ఫైరింగ్ పిన్ పెడితే అదే స్ప్రింగుతో ఎక్కువ ప్రైమర్లు పేలుతాయి. ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ. హ్యామర్‌ను బొటనవేలితో లాగే కొమ్ము కోయించడం మాత్రం తొందరపడాల్సిన పని కాదు. కోసింది తిరిగి అతకదు. చేయించాలనుకుంటే రెండో హ్యామర్ కొని దాన్ని కోయించండి.

మీరు తాకకూడనివి కొన్ని ఉన్నాయి. హ్యామర్, ట్రిగ్గర్ ఒకదానికొకటి పట్టుకునే గాడి అంచులు, సిలిండర్‌ను తిప్పే హ్యాండ్, ఆపే స్టాప్. వీటి మీద రాయి పెట్టినవారు తుపాకిని ప్రమాదకరం చేసుకుంటారు. పని ముగిశాక, పైన చెప్పిన బొటనవేలి తోపు పరీక్ష మళ్లీ చేయండి. రీబౌండ్ స్ప్రింగు లోపల ట్రిగ్గర్ ఎక్కువ వెనక్కి వెళ్లకుండా ఆపే చిన్న కడ్డీ కొన్ని తుపాకుల్లో ఉంటుంది. అది కొంచెం పొడవైనా హ్యామర్ పడదు. అందుకే ప్రతి ఛాంబర్ దగ్గరా హ్యామర్ పడుతోందో లేదో ఖాళీ తుపాకితో చూసుకోండి.

ఛాంబర్ అంచులు, క్లిప్పులు

సిలిండర్ వెనుక వైపు ఛాంబర్ల నోళ్లను కొద్దిగా ఏటవాలు చేయిస్తే తూటాలు తడబడకుండా దిగుతాయి. ఇది కూడా గన్‌స్మిత్ పనే. స్పీడ్‌లోడర్ వాడేవారు సిలిండర్ మధ్యలో ఉండి షెల్స్‌ను బయటికి ఎత్తే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం అంచులను ఎక్కువగా కోయనివ్వకండి. అది షెల్ అంచును పట్టుకోలేక జారిపోతే షెల్ నక్షత్రం కిందికి వెళ్లి ఇరుక్కుంటుంది. ఇక స్టేజీ అక్కడితో సరి.

స్పీడ్‌లోడర్లలో గుండీ తిప్పే హెచ్‌కేఎస్ రకం నేర్చుకోవడానికి, నొక్కితే వదిలే సఫారీల్యాండ్ కాంప్-3 పోటీకి.

మూన్ క్లిప్పుల విషయంలో మీరు ఎంత పట్టింపుగా ఉంటే అంత మంచిది. వంగిన క్లిప్పు సిలిండర్‌ను బిగబట్టేస్తుంది, ట్రిగ్గర్ ఒక్కసారిగా రాయిలా అవుతుంది. నిజం చెప్పాలంటే, ‘ట్రిగ్గర్ బరువెక్కింది’ అని గన్‌స్మిత్ దగ్గరకు వెళ్లే ముందు, దోషం క్లిప్పుదో, నక్షత్రం కింద చేరిన కాలని మందు పలుకులదో కాదు కదా అని చూసుకోవాలి. తూటాలు ఎక్కించిన ప్రతి క్లిప్పునూ ఇంట్లోనే ఖాళీ సిలిండర్‌లో పెట్టి చూడకూడదు. అది సజీవ తూటా. విడిగా దొరికే తనిఖీ దిమ్మలో వేసి, అది తేలికగా కూర్చుని తిరుగుతోందో చూడండి. ఖాళీ క్లిప్పును గాజుపలక మీద పెడితే అది ఎక్కడా లేవకూడదు. తూటాలు చేతితో పీకకండి, క్లిప్పులు వంగేది అక్కడే. తీయడానికీ ఎక్కించడానికీ పనిముట్లున్నాయి. 9 ఎంఎం షెల్ గాడి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి 929 ఉన్నవారు షెల్స్‌ను కంపెనీవారీగా వేరుచేసుకుని, తమ క్లిప్పుకు బిగువుగా పట్టే కంపెనీనే వాడాలి.

పరీక్షించడం

పని చేయించాక, పోటీలో వాడబోయే తూటాలతోనే కనీసం 200 డబుల్ యాక్షన్‌లో కాల్చండి. అందులో సగం వేగంగా కాల్చండి. వేగంలో మాత్రమే బయటపడే దోషాలు ఉంటాయి. ఒక్కటి పేలకపోయినా మొదటి నుంచి లెక్కించండి.

తూటా పేలకపోతే తుపాకి గురి వైపే అర నిమిషం పట్టుకుని ఉండండి, ఆ తర్వాతే సిలిండర్ తెరవండి. ఆ తూటాను రెండోసారి కొడితే పేలిందంటే ప్రైమర్ పూర్తిగా కూర్చోలేదని అనుమానించండి. ప్రైమర్ మీద గుంట లోతు తక్కువగా ఉంటే స్ట్రెయిన్ స్క్రూ చూడండి, అది బిగువుగానే ఉంటే ఒక మెట్టు బలమైన స్ప్రింగు పెట్టండి. గుంట పక్కకు పడుతుంటే సిలిండర్ సమయం చూపించుకోండి. లాగుతుంటే మధ్యలో బరువెక్కితే ముందు క్లిప్పు, తర్వాత నక్షత్రం అడుగు, ఆ తర్వాత ఎజెక్టర్ రాడ్ వదులైందేమో చూడండి. చాలా స్మిత్‌లలో ఆ రాడ్ మర ఎడమ చేతి మర. మామూలుగా తిప్పితే ఊడుతుందనుకున్నది మరింత బిగుస్తుంది.

కాల్చినప్పుడు చప్పుడు మామూలు కంటే మెత్తగా వచ్చిందంటే ఆగిపోండి. మందు లేని తూటా వల్ల బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనుక మరొకటి కాల్చితే తుపాకీ పోతుంది, చేయీ పోవచ్చు. స్టేజీ పోయినా సరే, ఆపి, అధికారికి చెప్పి చూపించుకోండి.

లాగడం, నింపడం

ఇంట్లో ఖాళీ తుపాకితో సాధన రోజూ పది నిమిషాలు చాలు. తూటాలు వేరే గదిలో ఉండాలి. ముందు సైటు మీద నాణెం పెట్టి అది పడకుండా హ్యామర్ పడేదాకా లాగండి. చేదతో నీళ్లు తోడినట్టు, మధ్యలో ఆగకుండా ఒకే లాగు. సగం లాగి గురి సర్దుకుని మిగతా సగం లాగే అలవాటు నెమ్మది గురికి పనికొస్తుంది గానీ గడియారం ముందు పనికిరాదు. ట్రిగ్గర్ వదిలేటప్పుడు పూర్తిగా వదలాలి. .22 రివాల్వర్‌ను ఖాళీగా కొట్టించాలంటే డమ్మీ తూటాలు వాడండి.

రీలోడ్‌కు రెండు పద్ధతులున్నాయి. కుడిచేతివాటం వారిలో కొందరు తుపాకిని ఎడమ చేతికి మార్చి కుడిచేత్తో నింపుతారు. కొందరు కుడిచేతిలోనే ఉంచి ఎడమచేత్తో నింపుతారు. రెండూ గెలిపించినవే. ఒకటి ఎంచుకుని దాన్నే పట్టుకోండి. ఏ పద్ధతైనా బ్యారెల్ ఆకాశం వైపు ఉంచి ఎజెక్టర్ రాడ్‌ను అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాలి. మెల్లగా నొక్కితే షెల్స్ ఇరుక్కుంటాయి, మందు పలుకులు నక్షత్రం కింద చేరతాయి. తర్వాత బ్యారెల్‌ను నేలవైపు తిప్పి నింపాలి. ఈ రెండు కదలికలు శుభ్రంగా వస్తే వేగం దానంతట అదే వస్తుంది. 1999 సెప్టెంబరు 11న పేరుమోసిన రివాల్వర్ షూటర్ జెర్రీ మిక్యులెక్ 625తో ఆరు కాల్చి, రీలోడ్ చేసి, మరో ఆరు కాల్చడానికి పట్టిన సమయం మొత్తం 2.99 సెకన్లు. మీరూ నేనూ అంత వేగం కోరుకోనక్కర్లేదు. మూడున్నర సెకన్లలో తప్పులేని రీలోడ్ ఒక్కటే నేర్చుకుంటే స్థానిక పోటీల్లో చాలామందికంటే ముందుంటారు.

పోటీ రోజు సంచిలో సరిపడే స్క్రూడ్రైవర్, ఒక అదనపు స్ట్రెయిన్ స్క్రూ, ఒక పాత టూత్‌బ్రష్, అదనపు క్లిప్పులు ఉంచుకోండి. ప్రతి స్టేజీ తర్వాత, భద్రతా బల్ల దగ్గర మాత్రమే, నక్షత్రం అడుగున బ్రష్‌తో ఒకసారి తుడవండి. తూటాలను ఆ బల్ల దగ్గర ముట్టుకోవడం నిషేధం. డమ్మీ తూటాలు కూడా అక్కడ తీయకూడదని చాలా క్లబ్బులు అంటాయి. భోజనానికి ముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోండి. సీసం కంటికి కనిపించదు.